చివరి పేరా

ఆఫీసు మెట్ల పక్కన గోడకు రోజూ ఆనాటి మా పేపరు అంటిస్తారు. నా వ్యాసం బ్రహ్మాండంగా కనిపించింది. ‘ఒక పూట మానండి, ఆయుష్షు పెంచుకోండి’ అన్న హెడ్డింగు పేజీ అంతా పరుచుకుని ఉంది. అది నేను పెట్టింది కాదు, మా చీఫ్ ఎడిటర్ గారి చేతి చలవ. పళ్ళు నూరుకుంటూ కిందికి చూశాను. చివరి పేరా లేదు. ఆ చోట పరుపుల ప్రకటన ఉంది.

ముసలితనం మీద జరిగే పరిశోధనల గురించి వారం వారం రాయడం నా ఉద్యోగం. ఈసారి, రోజులో కొన్ని గంటలే తిండి పెట్టిన ఎలుకలు మిగతావాటి కంటే ఎక్కువ కాలం బతికాయని రాశాను. మనుషుల్లో ఇది ఇంకా తేలలేదని, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పూట మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని కూడా రాశాను. ఆ ముక్కే చివరి పేరా.

పేజీలు కట్టే ఆయన్ని మేమంతా ‘కత్తెర’ అంటాం. చోటు చాలకపోతే వార్తను కింద నుంచి కోస్తాడు. పేపరు పనిలో పద్ధతే అది. ముఖ్యమైనది పైన రాయాలి, పోయినా ఫర్వాలేనిది కింద రాయాలి. ఇదంతా నాకు తెలియక కాదు. మొదట్లోనే భయపెడితే పాఠకుడు మెల్లగా జారుకుంటాడని, నేనే దాన్ని కిందికి నెట్టాను. కత్తెరను కడిగేద్దామని విసవిసా వెళ్ళినదాన్ని, తప్పు నాదేనని తట్టి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను.

చీఫ్ తాపీగా ఉన్నారు. రేపు లోపలి పేజీలో చిన్న బాక్సు కట్టి సవరణ వేద్దామన్నారు. వెబ్‌సైట్‌లో వ్యాసం జోలికి మాత్రం వెళ్ళొద్దట, జనం ఎగబడి చదువుతున్నారట. ఎగబడుతున్నారు కాబట్టే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, పిన్ని.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. తనకు షుగరు. నేను రాసిన ప్రతి ముక్కా పొల్లుపోకుండా పాటిస్తుంది. నడక మంచిదని రాస్తే బూట్లు కొనుక్కుంది. నిద్ర గురించి రాస్తే టీవీని తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకిచ్చేసింది. ఫోన్ చేశాను. ఎంగేజి. కాసేపాగి చేశాను. మళ్ళీ ఎంగేజి. పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, ఫోను చేతిలోంచి జారిపోయి పడి ఉందేమోనని నా బుర్ర ఒకటే కథలల్లింది. బ్యాగు కూడా మరచిపోయి, చేతిలో ఫోనుతోనే టాక్సీ ఎక్కాను. దారంతా సిగ్నళ్ళు నా మీద పగబట్టినట్టు ఎర్రగానే ఉన్నాయి.

తలుపు తీసే ఉంది. పిన్ని సోఫాలో కూర్చుని, ముక్కు మీద కళ్ళజోడు, ఒళ్ళో పేపరు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నా వ్యాసం గట్టిగా చదువుతోంది. నన్ను చూసి, మా అమ్మాయే వచ్చింది, మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది.

“ఏమైనా తిన్నావా?” అన్నాను ఆయాసపడుతూ.

“శుభ్రంగా తిన్నాను. నువ్వు రాశావని ఆకలి ఆగుతుందా? రేపట్నించి మొదలుపెడదామనుకున్నాలే.”

సోఫాలో కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఏడుపు ఆపుకుని విషయం చెప్పాను. పిన్ని ముఖంలో రంగు మారింది. పొద్దున్నుంచీ తెలిసినవాళ్ళందరికీ చదివి వినిపించిందట. కింద వాటాలో ఉండే టైలరు గారైతే ఇవాళే మొదలుపెడతానన్నారట. ఆయనకూ షుగరే. కింద నుంచి ఎప్పుడూ వినిపించే మిషను చప్పుడు లేదని అప్పుడు ఇద్దరికీ తట్టింది.

కిందికి పరుగెత్తాం. ఆయన కుట్టుమిషను మీదికి వాలి ఉన్నారు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. మాత్ర వేసుకుని తినకపోవడంతో షుగరు పడిపోయింది. పిన్ని వంటగదిలోంచి పంచదార నీళ్ళు కలిపి తెచ్చింది. ఆయన మింగగలరని చూసుకుని గుక్క గుక్కగా పట్టించాను. కాసేపటికి ఆయన చూపు కుదుటపడింది.

“పేపర్లో వేశారుగా, నిజమే అయ్యుంటుందనుకున్నా,” అన్నారు, తప్పంతా తనదే అన్నట్టు.

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను. పిన్ని ఆయనకు తిండి పెట్టి, డాక్టరుకు ఫోన్ చేసింది. నేను వాకిట్లో నిలబడి చీఫ్‌కు చేశాను. జరిగింది చెప్పి, సవరణ అదే పేజీలో, అంతే పెద్ద హెడ్డింగుతో, నా పేరు పెట్టి వేయాలన్నాను. వెబ్‌లో ఆ హెచ్చరికను ఈ క్షణమే మొదటి వాక్యంగా పెట్టాలన్నాను.

“నీ పేరు పోతుంది, ఆలోచించుకో,” అన్నారు.

“పోనీయండి.”

సరేనన్నారు. గెలిచానన్న ధీమా ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వెబ్ చూడనివాళ్ళకు సవరణ అందేది రేపు పొద్దున. ఈ మధ్యాహ్నం ఎవరి కంచం ఖాళీగా ఉందో.

వెనక్కి తిరిగి చూశాను. పిన్ని టైలరు గారి పక్కనే కుర్చీ వేసుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేస్తోంది. “ఇందాక నేను చదివింది తప్పు. ముందు ఏదైనా తిను, తర్వాత మాట్లాడదాం,” అని అందరికీ అదే చెబుతోంది. తను చదివి వినిపించిన ప్రతి మనిషి నంబరూ పిన్ని దగ్గరుంది.

నా పాఠకుల నంబరు నా దగ్గర ఒక్కటీ లేదు.