ఎడమ జేబులో మిగిలిన రాయి

పని మొదలుపెట్టేటప్పుడు అతని దగ్గరున్నవి బకెట్టెడు నిప్పులు, ఒక పట్టకారు, చొక్కా ఎడమ జేబులో ఏడు గులకరాళ్లు.

తేయాకు కొండ మీద తెల్లదొరలు కట్టించిన ఆ హోటల్లో గోడకు నిప్పుగూళ్లున్న గదులు ఏడు. పగటిపూట మంచు లోపలికి దిగకుండా పొగగొట్టానికి అడ్డంగా ఇనుప రేకు మూసి ఉంచుతారు. సాయంత్రం ఆ రేకు తెరిచాకే నిప్పులు పోయాలి. కణకణలాడే బొగ్గులకు పొగ రాదు కాబట్టి, రేకు తెరవడం మరిచినా ఎవరికీ తెలియదు. తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లు ఆ విషగాలి పీల్చి ఇక లేవరు. అరవై దాటాక అతను తన మతి మీద నమ్మకం సడలి, రేకు తెరిచినప్పుడల్లా ఒక రాయిని కుడి జేబులోకి మార్చడం అలవాటు చేసుకున్నాడు.

"రాళ్లా, రత్నాలా తాతా?" అన్నాడు వంటవాడు, రోజూలాగే.

"నీ వంటలో ఏరినవేలే," అని బకెట్టెత్తుకున్నాడు.

ఐదో గదిలో తేయాకు కొనడానికి వచ్చిన వ్యాపారి భార్య, నెలల పాప ఉన్నారు. వ్యాపారి తోటలకు వెళ్లాడు.

"గూట్లో చేయి పెట్టకముందే పాపని కాస్త ఎత్తుకో తాతా, జడ వేసుకుంటాను," అందావిడ.

పాప అతని మీసం పట్టుకుని వదల్లేదు. నవ్వుకుంటూ తల్లికిచ్చి, నిప్పులు పోసి, తరువాతి గదికి వెళ్లిపోయాడు.

పని ముగించుకుని ఖాళీ బకెట్టుతో గేటు దాకా వచ్చి బీడీ కోసం తడుముకుంటే, ఎడమ జేబులో ఒక రాయి తగిలింది.

ఏ గది? మంచులో పడుతూ లేస్తూ వెనక్కి పరిగెత్తాడు. మెట్లెక్కాడు. ఒకటో గది, రెండో గది, రెండింటి రేకులూ తెరిచే ఉన్నాయి. మూడో గది వైపు తిరిగినవాడికి మీసం చుర్రుమన్నట్టయింది.

ఐదో గది తలుపు కొట్టాడు. పలుకు లేదు. లోపల గడియ. వరండా వైపు చుట్టి వచ్చి బకెట్టుతో కిటికీ అద్దం పగలగొట్టి దూకాడు. రేకు మూసే ఉంది. దాన్ని లాగి, తలుపులు బార్లా తెరిచి, పాపను చలిగాలిలోకి ఎత్తుకెళ్లాడు. పాప మెడ వాలిపోయి ఉంది.

పాప తుమ్మింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

తల పట్టుకుని గోడ ఆసరాతో బయటికొచ్చిన తల్లి, "ఈ చలిలోకి పాపని ఎందుకు తెచ్చావు తాతా? బుద్ధుందా?" అంది.

"లేదమ్మా," అన్నాడు.

జరిగింది తానే వెళ్లి మేనేజరుకు చెప్పాడు.

"ఎవరికీ ఏం కాలేదుగా. రేపు పొద్దున రా, చూద్దాం."

"రాను బాబూ. ముప్పైయొక్క చలికాలాలు నిప్పులు పోశాను. పడుకున్నవాళ్లందరూ పొద్దున్నే తమ కాళ్ల మీద కిందికి దిగారు. ఈ తల్లీబిడ్డా దిగుతారు. ఆ లెక్క చెడకముందే నన్ను కదలనివ్వండి."

బకెట్టు, పట్టకారు వంటింటి గుమ్మంలో పెట్టాడు. ఆరు రాళ్లు వంటవాడి చేతిలో పోశాడు. వంటవాడు గుప్పిట మూశాడు.

గేటు దాటాక అలవాటుగా జేబులు తడుముకున్నాడు. రెండూ ఖాళీ. ముప్పైయొక్క చలికాలాలకు అతనికి మిగిలింది ఒక తుమ్ము.

ఐదో గదిలో, తెరిచిన రేకు కింద, నిప్పుగూటి అంచున అతను వదిలొచ్చిన ఏడో రాయి ఇంకా వెచ్చగానే ఉంది.