ఇంటికొక చెయ్యి

నాన్న, అమ్మ, పాస్టరుగారు, గంగయ్య పెదనాన్న, సంఘంలోని మిగతా ఇళ్ళవాళ్ళు, గోడవారగా సవరమ్మ అవ్వ, వంటింటి గడపలో నేను, ఇంతమందీ మా ఇంట్లోనే, ఎందుకంటే గాలివానకి చర్చి రేకులు లేచిపోయాయి, అయినా సంఘమంటే రేకులూ గోడలూ కాదు, తమ నోటితో విశ్వాసం ఒప్పుకొని నీళ్ళలో మునిగిన మనుషులే అని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెప్తారు, మనకు పైన బిషప్పు లేడు, ఈడ కూసున్నోళ్ళే తేల్చుకోవాలె అంటారు, ఈ రోజు తేల్చేది సవరమ్మ అవ్వని సంఘంలో ఉంచాలా తీసెయ్యాలా అని, ఆమె చేసిందల్లా ఇల్లందులో మనవరాలి కొడుకు నెత్తిన క్యాథలిక్ ఫాదరు బాప్తిస్మమని నీళ్ళు పోస్తుంటే వాణ్ణి ఎత్తుకుని నిలబడడం, ఎత్తుకుంటే ఏమైతది అయ్యా, పసిపోరడు ఏడుస్తుండె అంటోంది అవ్వ, పసిపోరనికి విశ్వాసమేం తెలుస్తదమ్మా, తండ్రి విశ్వాసం బిడ్డకు చెల్లదని తెల్వదా నీకు అంటున్నాడు పెదనాన్న, చాయ్ పొంగుతోంది, పరుగెత్తి స్టవ్ తగ్గించి మళ్ళీ గడపలోకి వచ్చాను.

పోయినేడు నా బాప్తిస్మం రోజు వాగులో నడుముల దాకా దిగాక భయమేసి ఆగిపోతే, ఒడ్డు నుంచి చీర తడుపుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నది ఈ అవ్వే, జారితే నేనున్న, పోవే అన్నది, ఆమెను తీసేస్తే ఇక ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం ఆమె ముందు ఆగకుండా పోతుంది, ఈ వయసులో ఇంకే సంఘానికి నడవగలదు, ఉంచాలనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు పాస్టరుగారు, కొన్ని చేతులు లేచాయి, నాన్నది లేవలేదు, నాది లేచింది, బడిలో జవాబు తెలిసినా లేవని చెయ్యి, ఎలా లేచిందో, అందరూ నన్నే చూస్తున్నారు, పెదనాన్న నాన్నవైపు తిరిగి నవ్వి ఏందిరా మార్కూ, నీ ఇంట్ల రెండు సంఘాలున్నయా అన్నాడు, ఇంటికొక చెయ్యి చాలన్నా, మొదటి నుంచి గంతే కదా అన్నాడు నాన్న, అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, అమ్మ కూడా మునిగిందే, ఆమె చేతిని ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు, నేను చూస్తే తల దించుకుంది, పాస్టరుగారు దగ్గి బైబిల్లో పేజీలు తిప్పుతున్నారు, ఆదివారం అంత గొంతున్న మనిషి.

నాన్న లేచి వచ్చాడు, స్తుతీ, పోయి చాయ్ చూడు, ఇది పెద్దోళ్ళ ముచ్చట, నాన్నా నేను కూడా సంఘమే అనాలని ఉంది, చెయ్యి దించు అన్నాడు, దించలేదు, భుజం పట్టి వంటింట్లోకి నెట్టాడు, పిల్లను గట్ల నూకకయ్యా అంటోంది అవ్వ, తన సంగతే తేలలేదు, నా సంగతి అడుగుతోంది, తండ్రి విశ్వాసం బిడ్డకు చెల్లదనే కదా ఆమెను అక్కడ కూర్చోబెట్టారు, మరి తండ్రి చెయ్యి బిడ్డకెలా చెల్లుతుంది, నాన్న తలుపు వేసేశాడు, ఆ రోజు వాగులో మునిగింది నాన్న కాదు, నేను.