డబ్బాకు తొడుగు

దుమ్ము కొలిచే డబ్బాను మా డాబా మీద పెట్టారు. రాళ్ళ మిల్లు చుట్టూ వీధికొకటి పెట్టారు. డబ్బా పంపిన లెక్కను ఆఫీసులో మ్యాపు మీద రంగులుగా వేస్తారు. ఎర్రగా వచ్చిన వీధుల వాళ్ళకు దూరంగా ఇళ్ళు ఇస్తారు. పచ్చగా వచ్చినవాళ్ళు ఉన్నచోటే ఉండాలి.

మా ఆవిడకు ఆయాసం. ఇక్కడి నుంచి కదలకపోతే మందులు పనిచేయవని డాక్టరు చెప్పాడు. ఆమె అక్క ఉండేది పక్కవీధిలోనే. కొత్త ఇళ్ళలో ఎవరి వంటగది ఎటువైపో కూడా ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. నేను వింటూ కూర్చునేవాణ్ణి.

చలికాలం పోయాక మ్యాపులమ్మాయి వచ్చింది. డబ్బా పెట్టింది ఆమే. ఫోనులో మ్యాపు చూపించింది. మిల్లు చుట్టూ అంతా ఎరుపు. మధ్యలో మా వీధి ఒక్కటే పచ్చగా ఉంది.

"ఇదేంటి తాతా? దుమ్ము మీ వీధి మొహం చూసి పక్క సందులోంచి పోతోందా?"

నేను మెట్ల వైపు చూపించాను. మోకాళ్ళ నొప్పులతో నేను పైకెక్కి చాలా కాలమైంది. ఆ అమ్మాయి ఎక్కింది. వెనకే మా ఆవిడ ఆగి ఆగి ఎక్కింది. దిగేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో పూలగుడ్డతో కుట్టిన తొడుగు ఉంది. పూలు కనబడటం లేదు. అంతా బూడిద రంగు.

మా ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. టీవీకి, మిక్సీకి, ఫ్యానుకు, అన్నిటికీ కుట్టింది.

"ఎందుకేశావు అమ్మమ్మా?"

"అంత ఖరీదైన వస్తువు, దుమ్ము పట్టి పాడైపోదూ? గాలాడాలని కింద వదులుగానే ఉంచాను తల్లీ."

అమ్మాయి నవ్వబోయి మానేసింది. "తప్పు నాదే. లెక్క వస్తోంది కదా అని వచ్చి చూడలేదు."

"పోనీ, ఇప్పుడు ఎరుపు వేసెయ్యి."

"నా చేతుల్లో లేదు అమ్మమ్మా. ఈ లెక్కంతా తీసేస్తారు. మ్యాపులో మీ వీధి తెల్లగా ఉంటుంది. వచ్చే చలికాలం మళ్ళీ కొలవాలి."

"తెల్లగా ఉంటే?"

"ఈసారికి ఇళ్ళు లేనట్టే."

సాయంత్రం వదిన వచ్చి చెల్లెల్ని తిట్టింది. "కనబడిన ప్రతిదానికీ తొడుగు కుట్టావు. నీ మొగుడి నోటిక్కూడా ఎప్పుడో కుట్టేశావు. ఆ డబ్బా ఒక్కటీ వదిలెయ్యలేకపోయావుటే?" తిట్టి తిట్టి ఏడ్చింది. మా ఆవిడ ఏడవలేదు.

వీధిలో వాళ్ళు ఎవరూ మాతో పోట్లాడలేదు. మాట్లాడలేదు కూడా.

వానలకు ముందు పక్కవీధి ఖాళీ అయింది. వదిన లారీలో డ్రైవరు పక్కన కూర్చుంది. "మరిదీ, దాన్ని చూసుకో" అంది. తలూపాను.

లారీ మలుపు తిరిగాక మా ఆవిడ లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. ఊపిరి కుదుటపడేదాకా వీపు నిమిరాను.

"చలికాలం ఎంతలో వస్తుందిలే" అంది.

మిల్లులో రెండో షిఫ్టు మొదలైంది. లేచి కిటికీ మూశాను.