ముందు కుడి చక్రం

"చూడు ఎవా, నువ్వే చూడు! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మా వదిన సంగతి. నడపడం చేతకాదు గానీ తప్పంతా బండిదట!"

బండి పూర్తిగా ఆగకముందే ఎడమవైపు తలుపు తీసుకుని దిగి, డావిట్ ఊమ్ నా రిపేరు షెడ్డు ముందు నిలబడి అరవడం మొదలుపెట్టాడు. అప్పటికి నేను కాఫీ కూడా తాగలేదు. పొద్దున్నే గొంతు పెంచే మగవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

"కాస్త మెల్లగా ఊమ్. అవతల గొర్రెలు బెదురుతున్నాయి."

"ఊమ్ అంటూనే కసురుతావేమే?"

"బాబాయివి కాబట్టి కసురుతున్నా. పరాయివాడివైతే స్పానరు విసిరేదాన్ని."

అటువైపు నుంచి డీనా ఆంటీ దిగింది. పిట్టంత మనిషి. నడుముకు కత్తెరలూ దువ్వెనలూ ఉన్న తోలు సంచీ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. మా ఊరు బ్రాండ్‌ఫ్లే చుట్టుపక్కల గొర్రెల పొలాల్లో ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించేది ఆవిడే. ఆవిడ మొగుడు ఫ్లోరిస్ ఊమ్ అవే పొలాల్లో నీళ్ళు తోడే గాలిమరలు బాగుచేసేవాడు. ఇద్దరి కాపురమూ ఆ పాత క్యాంపర్ వ్యాన్‌లోనే. వంట అందులోనే, పడక అందులోనే, పోట్లాటలు కూడా అందులోనే. పోయిన చలికాలం ఒక గాలిమర కింద గుండె ఆగి ఫ్లోరిస్ ఊమ్ పోయాడు. ఖననమూ ఏడుపులూ అయ్యాక డీనా ఆంటీ కళ్ళు తుడుచుకుని కుడివైపు సీట్లోకి మారింది, బండి తానే నడపడం మొదలుపెట్టింది.

గొడవ అక్కడే వచ్చింది. ఆవిడ స్టీరింగు పట్టినప్పటి నుంచీ బండి ముందు కుడి టైరును తినేస్తోంది. ఒకటి పోయింది. కొత్తది వేసింది. అదీ పోయింది.

"రోడ్డు అంచున ఒరిగించి నడుపుతుంది," అన్నాడు డావిట్ ఊమ్. "ఆ కంకర రోడ్డు మీద టైరు పేలితే ఎత్తుకురావడానికి ఎవడున్నాడు? ఒక అన్నను పాతిపెట్టా, చాలు. తాళం ఇచ్చెయ్ అంటే వినదు. మా ఇంట్లో గది ఉంది, మంచం ఉంది, తిండి ఉంది. ఏం తక్కువ?"

డీనా ఆంటీ నా వైపే చూస్తూ చెప్పింది. "ఒప్పుకున్నానే అమ్మాయీ. ఎవా చూస్తుంది, తప్పు నాదేనని ఎవా అంటే తాళం వీడి చేతిలో పెట్టేస్తానని ఒప్పుకున్నా. నువ్వు అబద్ధం చెప్పవు. నీకంత ఓపిక లేదు."

ఈ పెద్దావిడ బతుకు తెచ్చి నా గ్రీజు చేతుల్లో పెట్టిందేమిటి? ఆ గదీ ఆ మంచమూ ఎలాంటివో నాకు తెలుసు. కిటికీ తెరిస్తే డావిట్ ఊమ్ పందుల దొడ్డి. అందులో కూర్చుంటే ఈవిడ ఏడాది కూడా బతకదు.

కాఫీ సంగతి మరిచిపోయి చక్రం ముందు చతికిలబడ్డాను. టైరు బయటి అంచు పిల్లాడి బుగ్గలా నున్నగా అయిపోయింది. లోపలి అంచు మాత్రం నిన్న కొన్నట్టుంది. గాలి తక్కువైతే రెండంచులూ పోవాలి, ఎక్కువైతే నడుమ పోవాలి. రెండూ కాదు. అరచేయి పెట్టి టైరు మీద అడ్డంగా అటూ ఇటూ నిమిరాను. చక్రాలు ముందుకు తిన్నగా చూడకపోతే రబ్బరు ఒకవైపు నిమిరినప్పుడు మెత్తగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. గరుకేమీ లేదు. జాకీతో ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. కీళ్ళు బిగువుగా ఉన్నాయి. కిందకు దూరి చూశాను. ఎక్కడా వంపు లేదు, చీలిక లేదు, కొత్త దెబ్బ లేదు.

"ఏమంటుంది?" అని డావిట్ ఊమ్ వంగాడు.

"చక్రం తల బయటికి వాలుతోంది. ఎందుకో చెప్పడం లేదు."

"రాళ్ళ మీద ఎక్కించి ఉంటుంది. చెప్పానా!"

"ఎక్కిస్తే ఎక్కడో ఒకచోట వంగాలి ఊమ్! ఇనుము నీలాగా మొండిది కాదు, దెబ్బ తగిలితే ఒప్పుకుంటుంది." అరిచేశాను. నిజానికి కోపం ఆయన మీద కాదు. కారణం దొరకనప్పుడల్లా నాకు వచ్చే కోపమది. "పదండి, పాన్ మీదికి పోదాం."

మా ఊళ్ళో నేల సరిగ్గా ఉండే గచ్చు ఒక్కటీ లేదు. నా షెడ్డులో గోళీ వదిలితే దొర్లుకుంటూ వెళ్ళి చర్చి ముందు ఆగుతుంది. అందుకే చక్రాల తీరు చూడాలంటే అందరమూ పాన్‌కే, అంటే ఊరవతలి ఉప్పు మైదానానికే పోతాం. వానలు పడ్డ ఏడాది అక్కడంతా అరచేతి లోతు నీళ్ళు నిలుస్తాయి, ఎండిపోయాక నీళ్ళు ఎంత సమంగా నిలిచాయో మట్టీ అంత సమంగా మిగులుతుంది. నాకంటే ముందు ఈ షెడ్డు నడిపిన మా నాన్న అనేవాడు: నేలను సమం చేయడం నీళ్ళకు తెలిసినట్టు ఏ మేస్త్రీకీ తెలీదని. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఆ మైదానం మీద అడుగుపెట్టిన ప్రతిసారీ నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. చెట్టు లేదు, రాయి లేదు, పక్షి లేదు. ఆకాశం దిగి వచ్చి చుట్టూ నేల మీదే కూర్చుంటుంది. డావిట్ ఊమ్ సైతం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

నాన్న దగ్గర ఇంకో పట్టింపు ఉండేది. చక్రాల వాలు కొలిచేటప్పుడు బండిని ఎప్పుడూ ఖాళీగా ఉండనిచ్చేవాడు కాదు. రోజూ ఎలా తిరుగుతుందో అలాగే ఉండాలి. నీళ్ళ డ్రమ్ము నిండా ఉండాలి, గిన్నెలు అరల్లో ఉండాలి, నడిపేవాళ్ళు సీట్లో ఉండాలి. మా దగ్గర అందరికీ అలవాటే. బండి కొలిపించుకోవడానికి పెళ్ళాం పిల్లలతో, కుక్కతో సహా వచ్చి, పాన్ మీద గంటలకొద్దీ బొమ్మల్లా కూర్చునేవాళ్ళు.

నా చిన్న ట్రక్కు, బక్కీని కాస్త దూరంగా ఆపి, నేనూ అలాగే డీనా ఆంటీని సీట్లో కూర్చోబెట్టాను. చక్రం పైన రేకుకు దారం కట్టి, దాని చివర ఇనుప గుండు వేలాడదీశాను. దారం టైరు పై ఉబ్బును తాకి నిలిచింది. కింద మాత్రం వేలు దూరేంత సందు. చక్రం తల బయటికే వాలి ఉంది. ఎడమ చక్రానికి కట్టి చూస్తే అది నిటారుగానే ఉంది. మళ్ళీ కట్టాను, మళ్ళీ చూశాను. అదే సందు.

"ఏమిటే?" అంది ఆంటీ పైనుంచి.

"ఏమో."

"నాదేనా తప్పు?"

"ఏమోనన్నానుగా! నోరు మూసుకుని కూర్చో కాసేపు." అనేశాక నాకే సిగ్గేసింది. "దిగు ఆంటీ. కాఫీ పెడదాం. ఖాళీ కడుపుతో నా బుర్ర పనిచేయదు."

ఆవిడ దిగి వెనక తలుపు తీసి పొయ్యి వెలిగించింది. నేను చక్రం పక్కనే నేల మీద పడుకుని దారాన్ని చూస్తూ ఉండిపోయాను. ఎండ నెత్తికెక్కింది. డావిట్ ఊమ్ కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఈ దిక్కుమాలిన చోట నీడ కూడా లేదు," అని గొణుగుతూ డ్రైవరు సీట్లోకి ఎక్కి కూలబడ్డాడు. స్ప్రింగు మూలిగింది.

నా కళ్ళ ముందే సందు మూసుకుపోయింది.

దారం పైనా కిందా ఒకేలా టైరును తాకి నిలబడింది. చక్రం నిటారుగా, గీత గీసినట్టు.

"కదలకు!" అని కేక పెట్టాను.

"పామా?" డావిట్ ఊమ్ కాళ్ళు రెండూ పైకి లాక్కున్నాడు.

"పాము కాదు, ఏం కాదు. దిగు."

దిగాడు. సందు తెరుచుకుంది.

"ఎక్కు."

"మనిషిననుకున్నావా, మేకపిల్లననుకున్నావా?"

"ఎక్కమన్నానా!"

ఎక్కాడు. సందు మూసుకుపోయింది. ఇంకోసారి దింపాను, ఇంకోసారి ఎక్కించాను. ఫ్లోరిస్ ఊమ్‌దీ తమ్ముడిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. అన్న కోటు తమ్ముడికి సరిపోయేది, తమ్ముడి బూట్లు అన్నకు సరిపోయేవి. బరువు కూడా అంతే.

డీనా ఆంటీ రెండు కప్పులు పట్టుకుని వచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది.

"ఆంటీ," అన్నాను. "ఈ బండిని మా నాన్న ఇక్కడే కొలిచాడు. ఫ్లోరిస్ ఊమ్‌ను ఆ సీట్లో కూర్చోబెట్టి కొలిచాడు. ఆయన కూర్చుంటే కుడి మూల ఎంత కిందికి దిగుతుందో చూసుకుని, దానికి తగ్గట్టు చక్రాన్ని నిలబెట్టాడు. ఇప్పుడు ఆ బరువు లేదు. నువ్వు కూర్చుంటే బండికి ఎవరూ కూర్చున్నట్టే అనిపించడం లేదు. ఆ మూల పైకి లేచి, చక్రం బయటికి వాలి, అంచు మీద నడుస్తోంది. బండికి ఆయన పోయిన సంగతి ఇంకా తెలీదు ఆంటీ."

ఆవిడ కప్పులు రెండూ నేల మీద పెట్టింది. వంగి ఆ నున్నటి అంచును వేళ్ళతో తడిమింది.

"అంటే నేను కాదా?"

"నువ్వు కాదు."

"చేతులు పడిపోయేదాకా బిగించి పట్టుకునేదాన్నే. ఎటు ఒరుగుతున్నానో, ఎటు ఒరుగుతున్నానో అని. వీడు అంటుంటే నిజమేననుకున్నా. ముసలిదాన్నైపోయాననుకున్నా." ఆవిడ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

డావిట్ ఊమ్ సీట్లోంచి దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు: "వదినా, నన్ను తిట్టు."

"తర్వాత తిడతాలే. తీరిగ్గా తిడతా."

"అయితే ఒక మాట విను. సీటు కింద రెండు ఇసుక బస్తాలు వేద్దాం. నా బరువెంతో అంత. చక్రాన్ని ముట్టుకోవద్దు. అన్న ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంటుంది బండి."

మాట మంచిదే. పని కూడా తేలిక. నేను ఆంటీ మొహం చూశాను. ఆశ పుట్టినట్టే ఉంది. ఆవిడ బండి ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమవైపు తలుపు తీసి, ఎన్నో ఏళ్ళు కూర్చున్న తన పాత సీట్లో కూర్చుంది. పక్కన డావిట్ ఊమ్. అదే మెడ, అవే భుజాలు. ఎదురుగా తెల్లటి మైదానం, దాని మీద వణుకుతున్న ఎండ. నేను కింద నిలబడి చూస్తున్నాను. బండి నిజంగానే కుదురుగా, సమంగా నిలబడి ఉంది. చచ్చిపోయిన మనిషిని ఇంత నమ్మకంగా మోస్తున్న ఇనుమును నేనెక్కడా చూడలేదు. దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇలాగే ఉండేది," అంది ఆంటీ.

"ఉండనీ మరి," అన్నాడు డావిట్ ఊమ్.

"ఇసుక బస్తా గాలిమర బాగుచెయ్యదు డావిట్. నా వంట బాలేదని సణగదు. గురక పెట్టదు." ఆవిడ మోచేత్తోనే ముక్కు తుడుచుకుంది. "దిగు. నేను కూర్చుంటా. ఎవా, నా బరువుకే పెట్టు."

"ఆలోచించుకో ఆంటీ. ఒకసారి మారిస్తే నాన్న పెట్టిన లెక్క ఇక దొరకదు. రాసిపెట్టుకున్నది ఏమీ లేదు."

"ఆలోచించే చెబుతున్నా. నేను సన్నగా ఉన్నానని బండికి చెప్పు."

ఆవిడ కుడి సీట్లో కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. చక్రం పైకీలు దగ్గర నాన్న పేర్చిన పలుచటి ఇనుప బిళ్ళలున్నాయి. వాటిని నా వేళ్ళతో ఒక్కొక్కటే తీశాను. తీసి, మార్చి, బిగించి, దారం చూశాను. మళ్ళీ తీశాను. సందు కొంచెం కొంచెంగా మూసుకుంటూ వచ్చింది. తర్వాత బండికి రెండు పక్కలా చేపల గాలపు తీగ లాగి, చక్రాలు ముందుకు తిన్నగా చూస్తున్నాయో లేదో సరిచూశాను. డావిట్ ఊమ్ అడగకుండానే తీగ అవతలి కొస పట్టుకుని, ఎండలో నోరెత్తకుండా నిలబడ్డాడు. చివరికి దారం పైనా కిందా ఒకేలా తాకింది. కూర్చున్నది పిట్టంత మనిషే, కానీ చక్రం ఆవిడ కింద నిటారుగా నిలబడింది.

అరిగిన టైరు తీసి స్పేరు బిగించాను. "ఒక రౌండు కొట్టిరా ఆంటీ. నడుమలో స్టీరింగు వదిలి చూడు. ఎటైనా లాగితే చెప్పు."

బండి కదిలింది. కొంతదూరం పోయాక కిటికీలోంచి ఆవిడ చేయి బయటికొచ్చింది. రెండోది స్టీరింగు మీదే ఉంటుందనుకున్నాను గానీ, ఆవిడ దాన్ని కూడా తల మీదికి ఎత్తింది. స్టీరింగు మీద ఎవరి చేయీ లేదు. బండి ఎటూ ఒరగలేదు. ఆ తెల్లటి నేల మీద తిన్నగా పోతూనే ఉంది, చిన్నదవుతూనే ఉంది.

"ఇక తిప్పొచ్చు కదా," అన్నాడు డావిట్ ఊమ్.

తిప్పలేదు. మైదానం అవతలి కొసన కంకర రోడ్డు ఎక్కి, పొలాలున్న ఉత్తరం వైపుకి మళ్ళింది. వెనక దుమ్ము లేచింది.

"ఓయ్! వదినా! నన్నెవరు తీసుకెళ్తారు?" అని ఆయన నాలుగడుగులు పరుగెత్తాడు. అంత పెద్ద మనిషి, టోపీ ఊపుకుంటూ. నేను పగలబడి నవ్వాను. "నా బక్కీలో రా ఊమ్, వెనకాల గొర్రెల చోట కూర్చుందువుగాని," అన్నాను.

ఆయన దుమ్ము అణిగేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు. సమాధి దగ్గర కూడా ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, టోపీతో మొహం మూసుకున్నాడు.

"అన్న ఇప్పుడు దిగాడే ఎవా," అన్నాడు.