కుక్కర్‌లో ఉడికిన తల్లి విత్తనం

అత్తగారు ముప్పై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో పెద్ద నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆవిడను వదిలింది గాని, ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. గరిటె కింద పడితే ఆ ఇంట్లో కడిగితే చాలదు, మరిగించాలి. కొడుకు చిన్నప్పుడే లొంగిపోయాడు.

అలాంటి ఇంట్లో కోడలు వెనక గదిని ఆక్రమించి పుట్టగొడుగుల పెంపకం మొదలుపెడితే, వీధి వీధంతా గొడవ కోసం చెవులు రిక్కించింది. గొడవ రాలేదు సరికదా, అత్తాకోడళ్లు ఒకటైపోయారు. చేతులు స్పిరిట్‌తో తుడుచుకోవడం, బ్లేడు ఎర్రగా కాల్చడం, గడ్డిని ఉడికించడం, మూతికి గుడ్డ కట్టుకోవడం... ఇంత ముచ్చటైన వ్యాపకం అత్తగారు తన జన్మలో చూడలేదు.

కోడలి దగ్గర ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లో ఒక రకం ఉంది. ఆరేళ్ల కిందట తన ఆఫీసు ప్రహరీ పక్కన కూలిన చెట్టు మొద్దు మీద దొరికింది. ఎండలు ముదరగానే మిగతా రకాలన్నీ చేతులెత్తేస్తే, ఇది మాత్రం గుత్తులు గుత్తులుగా కాసేది. అందుకే దాన్ని "మొండిది" అనేవారు. ఇళ్లలో పుట్టగొడుగులు పెంచే పదకొండు మంది ఏడాదిగా దాని కోసం కోడలి వెంటపడుతున్నారు. చివరికి వచ్చే వారం ఆదివారం రమ్మని, తలా ఒక సీసా ఇస్తానని ఆమె మాటిచ్చింది.

ఆ రకానికి మూలమైన తల్లి విత్తనం ఇదివరకు జెల్లీ పోసిన గొట్టాల్లో ఉండేది. నెలలు గడిచేకొద్దీ జెల్లీ ఎండిపోయేది, మళ్లీ కొత్తదానికి మార్చాల్సి వచ్చేది. అందుకని కోడలు పద్ధతి మార్చింది. విత్తనం అల్లుకున్న జెల్లీని బియ్యపు గింజంత ముక్కలుగా కోసి, ఉడికించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ సీసాల్లో వేసి, ఫ్రిజ్ తలుపులో పెట్టింది. తిండీ లేక, వెచ్చదనమూ లేక అది అలా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఈ సంగతంతా అత్తగారికి విడమరచి చెప్పింది కూడా. అప్పుడు అత్తగారు మిక్సీ తిప్పుతున్నారు. "ఊఁ" అన్నారు.

శుక్రవారం పొద్దున కోడలు చెప్పులేసుకుంటూ, "అత్తయ్యా, గట్టు మీద కొత్త సీసాల్లో నీళ్లు పోసి పెట్టాను. కాస్త కుక్కర్‌లో పెట్టేయరూ?" అంది.

"అదెంత పని! నువ్వెళ్లు."

పన్నెండు సీసాలూ పేర్చాక కుక్కర్‌లో ఇంకా చోటు మిగిలింది. చోటు వృథా అయితే ఆవిడకు మనసొప్పదు. ఫ్రిజ్ తెరిచారు. తలుపులో అచ్చం అలాంటివే ఆరు సీసాలు! ఒకటి తీసి వెలుతురుకెత్తి చూశారు. నీళ్లలో తెల్లటి నలకలు.

సీసాలో నలక ఉంటే గమనించలేదని ఎంతమంది శిక్షణ నర్సులను ఏడిపించారో ఆవిడకే లెక్క లేదు. "ఎంత చదివితేనేం, ఈ పిల్లకు సీసా కడగడం రాదు" అనుకుంటూ ఆరింటినీ కుక్కర్‌లోకి చేర్చి, మూత బిగించి, ఇరవై నిమిషాలు నిఖార్సుగా ఉడికించారు.

చల్లారాక మూత తీస్తే అడుగు నీళ్లలో ఊడిపోయిన చీటీ ఒకటి తేలుతోంది. కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"మొండిది. తల్లి. తెరవొద్దు."

నిజానికి ఆవిడ తెరవలేదు. ఆ ఒక్క ముక్కా తు.చ. తప్పకుండా పాటించారు.

చీటీ ఆరబెట్టి, జిగురు రాసి అతికించి, ఆరు సీసాలనూ మళ్లీ ఫ్రిజ్ తలుపులో నిలబెట్టారు. చూస్తే ఏ తేడా లేదు. అవే నీళ్లు, అవే నలకలు. నిద్రపోయిందో, పోయిందో ఎవరికి తెలుస్తుంది? తెలిసేసరికి తప్పు కరెంటుదో, ఫ్రిజ్‌దో, ఆ పదకొండు మంది చేతకానితనానిదో అవుతుంది.

ఈ ఏర్పాటు ఆవిడకు పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత పదకొండు ఇళ్లలో పదకొండు మంది ఉడికిపోయిన ముక్క ముందు కూర్చుని రోజూ తొంగి చూడటం కళ్ల ముందు కదిలింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

అప్పుడు గుర్తొచ్చింది. పచ్చి పుట్టగొడుగు దొరికితే, లోపలి కండలోంచి చిటికెడు ముక్క తీసి మళ్లీ విత్తనం మొదలుపెట్టొచ్చు. కోడలు చేస్తుంటే చాలాసార్లు చూశారు. కానీ గదిలో కాపు అయిపోయింది. ఆఖరి గుత్తి నిన్న సాయంత్రమే కింద వాటాలో ఉండే టైలరమ్మకు ఇచ్చారు.

మోకాళ్ల నొప్పి మరిచిపోయి మెట్లు దిగారు.

"నిన్నటి పుట్టగొడుగులున్నాయా?"

"ఇప్పుడే బాణలిలో వేశా పెద్దమ్మా. ఏం, ఇచ్చినవి వెనక్కి తీసుకుంటారా?"

"ఒక్కటైనా మిగల్లేదూ?"

"ఉల్లిపాయల్లో కలిపేశాక ఏరుకుంటారా ఏంటి?"

"కాడల మొదళ్లేం చేశావ్?"

"గట్టిగా ఉన్నాయని కోసి చెత్తబుట్టలో..."

మాట పూర్తయ్యేలోపే పెద్ద నర్సుగారి చెయ్యి మోచేతి దాకా చెత్తబుట్టలో ఉంది. టీ పొడి, దారప్పోగులు, గుడ్డు పెంకులు బయటికొస్తున్నాయి.

"అయ్యో పెద్దమ్మా, కూర కావాలంటే గిన్నెలో పెట్టిచ్చేదాన్ని కదా!"

"కూర నువ్వు తిను. నాకు ఇదే కావాలి."

"ఇంట్లో అంతా బానే ఉందా?"

"లేదు. అందుకే." బొటనవేలంత మొదలు ఒకటి దొరికింది. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఆవిడ పైకెళ్లారు.

సాయంత్రం కోడలు గడప దాటకముందే చెప్పేశారు. "నీ మొండిదాన్ని ఉడకబెట్టేశాను."

కోడలు సంచి కింద పెట్టింది. జరిగిందంతా విని, ఫ్రిజ్ తెరిచి ఆరు సీసాల వంకా చూసింది.

"ఎన్ని నిమిషాలు?"

"ఇరవై."

"మధ్యలో ఆవిరి తగ్గలేదు కదా?"

"నా చేతిలోనా!" అన్నారు అత్తగారు ఠీవిగా. అని, తల దించుకున్నారు.

"అయితే ఒక్కటీ బతికుండదు." కోడలు కుర్చీలో కూలబడింది. "రెండిళ్లలో దాచుకోండి, ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది అని ప్రతి మీటింగులో పుట్టగొడుగులు పెంచేవాళ్లందరికీ పాఠం చెబుతాను. నేనేమో ఆరూ ఒకే తలుపులో పెట్టాను. మిమ్మల్ని తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తేలడం లేదు అత్తయ్యా."

"ఇద్దర్నీ తిట్టు. ముందు చేతులు కడుక్కుని రా." అత్తగారు మూత పెట్టిన గిన్నె ముందుకు జరిపారు.

ఆ మొదలు పైభాగమంతా టీ పొడి మరకలే. కోడలు స్పిరిట్‌తో తుడిచి, చేతులు దూర్చే కన్నాలున్న ప్లాస్టిక్ పెట్టెలో దాన్ని నిలువునా చీల్చింది. లోపల తెల్లగా ఉంది. కాల్చిన బ్లేడు పట్టుకోబోతే ఆమె వేళ్లు వణికాయి.

"జరుగు," అన్నారు అత్తగారు. ఆ చేతులు వణకలేదు. ఐదు జెల్లీ పళ్లేల్లో ఐదు ముక్కలు పడ్డాయి.

అక్కణ్నుంచి రోజుకు రెండు పూటలా రౌండ్లు. మూడో రోజుకు రెండు పళ్లేలు పచ్చగా బూజెక్కాయి. ఐదో రోజుకు ఇంకోటి జిగటగా మారింది. మిగిలిన రెండింటిలో ముక్క చుట్టూ సన్నటి తెల్లనూగు మొదలైంది. ఎనిమిదో రోజుకు రెండు పళ్లేలూ దూదిపరుపుల్లా నిండిపోయాయి. ఆ జెల్లీని ముక్కలుగా కోసి, ఉడికించి పెట్టిన సీసాల్లో వేశారు.

ఆదివారం పదకొండు మందీ వచ్చారు. "ఫ్రిజ్ చెడిపోయిందని చెబుదాం" అని కోడలు చెవిలో అన్నా వినకుండా, అత్తగారే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఒకాయన తన సీసా అందుకుని, "మరి ఇది అసలు మొండిదేనంటారా?" అన్నాడు.

"చెత్తబుట్టలోంచి లేచొచ్చింది. ఇంకేం రుజువు కావాలయ్యా మీకు?"

అందరూ వెళ్లాక కోడలు మూడు సీసాలు పట్టుకుని టైలరమ్మ దగ్గరకు దిగింది. వెనకే అత్తగారు. టైలరమ్మ ఫ్రిజ్‌లో పైఅర ఖాళీ చేసి సీసాలు పెట్టి, ఫ్రిజ్‌కు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

"ఉంచుతా గాని, నన్నడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు. మరీ ముఖ్యంగా పెద్దమ్మ."

ముప్పై రెండేళ్లు ఒకరి ఆజ్ఞ వినని మనిషి చేతులు వెనక్కి కట్టుకుని, "సరేనమ్మా" అన్నారు.