వస్తా, ఉండు

ఆసుపత్రి లాండ్రీ వెనక గదిలో ఆమె ఉతికిన దుప్పట్ల మూటలకు చీటీలు అంటిస్తోంది. చీటీని బొటనవేలితో ఒత్తి, అంచులు లేవకుండా గోటితో గీసి, మూటను ఒక్క తట్టు తట్టి పక్కకు తోస్తోంది. అందరూ ఆమెను దుప్పట్లక్క అంటారు. ఈ సాయంత్రంతో ఆమె ఉద్యోగం అయిపోతుంది.

ఆమె కుర్చీలో ఇప్పుడు ఇస్త్రీ తమ్ముడు కూర్చున్నాడు. వరసకు తమ్ముడేం కాదు, పిలిచి పిలిచి అలా ఖాయమైపోయాడు. భుజం పట్టేసి ఇస్త్రీపెట్టె ఎత్తలేకపోతున్నాడు. చీటీల పని వస్తే ఇక్కడ ఉంటాడు, రాకపోతే ఇంటికే. అందుకే పొద్దుటి నుంచి ఆమె పక్క నుంచి కదల్లేదు.

"వార్డుల పేర్లన్నీ అదే కొట్టుకుంటుంది. నువ్వు ఈ బటన్ నొక్కడమే," అంది ఆమె, చీటీలు కొట్టే కంప్యూటర్ చూపించి.

నొక్కాడు. చీటీలన్నీ వచ్చాయి, కొత్తగా తెరిచిన కళ్ళ వార్డుకు తప్ప. దాన్ని చేర్చాలంటే ప్రోగ్రాం లోపలికి వెళ్ళాలి. ఆమె ఆ పేజీ తెరవగానే తెరంతా ఇంగ్లీషు. కాలే ఇస్త్రీపెట్టె తగిలినట్టు అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అక్కా, ఇది చదువుకున్నోళ్ళ పని. నా వల్ల కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఒకప్పుడు తనూ ఇదే మాట అంది. కంప్యూటర్లు బాగుచేసే అతను ఒక బటన్ చూపించి, "ఇది నొక్కి మీ పని మీరు చేసుకోండి, చూసి నేర్చుకుంటుంది" అన్నాడు. అది నేర్చుకుంది, మరీ బుద్ధిగా నేర్చుకుంది. మధ్యలో పిల్లల వార్డు నర్సు దుప్పట్లేవీ అని మెసేజ్ పెడితే, ఆమె "వస్తా, ఉండు" అని జవాబు కొట్టింది. అది మెసేజ్‌లో పడలేదు, చీటీలో పడింది. మర్నాడు ప్రతి మూట మీదా అదే మాట. పాపం నర్సులు మూటలు విప్పకుండా, ఎవరొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రంతా పడీ పడీ నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూ ఈ పేజీ తెరిస్తే, ఇంగ్లీషు గుబురు మధ్య తన రెండు మాటలూ తెలుగులో కనిపించాయి. తుడిచేసింది. కొంపలేమీ మునగలేదు. ఆ రోజుతో ఆమెకు భయం పోయింది.

"ఇంగ్లీషు వదిలెయ్. నువ్వు చదవగలిగింది ఏదన్నా ఉందేమో చూడు."

అతను తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "పిల్లల వార్డు... కాన్పుల వార్డు... అరె, మనవాళ్ళంతా ఇక్కడే ఉన్నారే!"

"వాళ్ళ కింద కళ్ళ వార్డు పెట్టు. పేరుకు అటూ ఇటూ ఉన్న గుర్తులు మర్చిపోకు. నీకోసం ఏదన్నా రాసుకోవాలంటే ముందు ఈ చిన్న గీత పెట్టు. ఆ వరసని మిషను చదవదు. అది మనుషుల కోసం."

ఒంటి వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మొదటిసారి గుర్తు మరిచాడు, మిషను అలిగింది. రెండోసారి చీటీ బయటికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మూటకు అంటించి, నేనే ఇచ్చొస్తానంటూ బండి తోసుకుని కళ్ళ వార్డుకు బయల్దేరాడు. భుజం నొప్పి సంగతే మరిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి గది ఖాళీగా ఉంది. ఆమె సంచీ లేదు, గుమ్మం దగ్గర చెప్పులూ లేవు. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందే అని మనసు చివుక్కుమంది. తను కొట్టిన పేరు ఇంకోసారి చూసుకుందామని, ఈసారి తనే ఆ పేజీ తెరిచాడు. అన్నిటికంటే పైన, చిన్న గీత వెనకాల, మిషను చదవని వరసలో ఉంది: వస్తా, ఉండు.