బొడ్డమ్మ ఊఁ కొట్టడం

బొడ్డమ్మకు చెవులు సరిగ్గా వినబడవన్న సంగతి, ఆమెను వదినా అని పిలిచే అసిరమ్మకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒకసారి పెళ్ళివారింట్లో ఎవరో ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది. నలుగురూ పగలబడి నవ్వేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఎవరేమన్నా "ఊఁ" అని ఊరుకోవడం అలవాటు చేసుకుంది. కాదనవలసిన చోట, పక్కన కూర్చున్న అసిరమ్మ కొంగుచాటున ఆమె చెయ్యి గిల్లేది. ఇద్దరు ముసలమ్మలూ కలిసి ఉద్దానం సీమలో అందరి కళ్ళూ కప్పేశామని లోలోపల మురిసిపోయేవారు.

మురిసిపోవడం బాగానే ఉంది గాని, బొడ్డమ్మ మరిది కొడుకు పోలారావు ఆ గుట్టు ఎప్పుడో కనిపెట్టేశాడు. పెద్దమ్మ పిల్లాజెల్లా లేని మనిషి, ఆమెకు సముద్రం ఒడ్డున బంగారంలాంటి కొబ్బరితోట. ఇంకేం కావాలి ఆ పెద్దమనిషికి? శిస్తు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. తర్వాత పెద్దమ్మను బండెక్కించి టెక్కలి రిజిస్ట్రారు కచేరీకి బయలుదేరదీశాడు. అసిరమ్మ రాకపోతే కదలనని బొడ్డమ్మ భీష్మించుకుంటే, తప్పక ఆమెనూ ఎక్కించుకున్నాడు.

తీరా కచేరీకి చేరాక, లోపలికి బయటివాళ్ళు రాకూడదని అసిరమ్మను అరుగు మీదే కూర్చోబెట్టాడు. ఆమె గుమ్మానికి దగ్గరగా జరిగి చెవి అటు పారేసింది.

"అవ్వా, నీ కొబ్బరితోట పోలారావుకు అమ్మినట్టు రాయించి వేలిముద్ర వేసింది నువ్వేనా?" అని రిజిస్ట్రారు భానుమూర్తి గారు అడిగారు.

"ఊఁ," అంది బొడ్డమ్మ.

అసిరమ్మ గుమ్మం బయటే ఉంది. గిల్లడానికి చెయ్యి అందదు. గుట్టు దాస్తే తోట పోతుంది. తోట పోతే వదిన ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? నోరు విప్పితే ఇన్నాళ్ళు కాపాడిన పరువు పదిమందిలో పోతుంది. వదిన మళ్ళీ తన ముఖం చూస్తుందో లేదో. కళ్ళ నీళ్ళు తుడుచుకుని గుమ్మం దాటింది.

"బాబూ, ఆవిడికి ఇనబడదు. మీరేటన్నా ఊఁ అనీసే అంటాది."

ముసల్ది అబద్ధమాడుతోందని, ఊళ్ళో ఎవర్ని అడిగినా పెద్దమ్మకు చెవులు శుభ్రంగా వినిపిస్తాయనే చెబుతారని పోలారావు ఎగిరిపడ్డాడు. అదీ నిజమే. అంత చక్కగా దాచారు మరి.

భానుమూర్తి గారు బొడ్డమ్మ వైపు తిరిగి, అదే గొంతుతో, "అవ్వా, నీ తోట నిన్ననే సముద్రంలో కలిసిపోయిందట కదా?" అన్నారు.

"ఊఁ," అంది బొడ్డమ్మ, మర్యాదగా తలాడిస్తూ.

గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వులు వినబడకపోయినా బొడ్డమ్మకు కనబడ్డాయి. ముఖం చిన్నబోయింది. అసిరమ్మ ప్రాణం ఉసూరుమంది. అయినా దగ్గరికెళ్ళి, ఆమె చెవిలో కచేరీ అంతా దద్దరిల్లేలా అరిచింది.

"వొదినా, నువ్వు తోట పోలారావుకి అమ్మీసినావని రాయించీసినాడు. అమ్మినావేటి?"

బొడ్డమ్మ పోలారావు వైపు చూసింది. వాడు నేల చూపులు చూశాడు.

"నాను అమ్మలేదు," అంది గట్టిగా.

ఈ దస్తావేజు రిజిస్టరు చెయ్యనని భానుమూర్తి గారు అప్పటికప్పుడే తేల్చేశారు. మోసగించి ముద్ర వేయించుకున్నందుకు ఏమవుతుందో కూడా పోలారావుకు విడమరిచి చెప్పారు. ఇక నుంచి ముసలివాళ్ళెవరొచ్చినా ఊఁ కొడితే చాలదని, సంగతేమిటో వాళ్ళ నోటితోనే చెప్పించాలని గుమాస్తాలతో అన్నారు. పోలారావు ఆడవాళ్ళనక్కడే వదిలేసి బండి తోలుకుని చక్కా పోయాడు.

సంతబొమ్మాళి వైపు వెళ్తున్న వాళ్ళ ఊరి గున్నయ్య తన బండిలో చోటిచ్చాడు. దారి పొడుగునా బొడ్డమ్మ ముఖం అటు తిప్పుకునే కూర్చుంది. తోట దక్కినా వదిన దక్కలేదని అసిరమ్మ కుమిలిపోయింది. చివరికి ఉండబట్టలేక, తప్పయిపోయిందని, క్షమించమని నోట్లో గొణిగింది.

పెదాలు కదలడం బొడ్డమ్మ ఓరకంట చూసింది. ఊఁ అనబోయి ఆగింది. బండి తోలే గున్నయ్య వింటున్నాడని తెలిసీ, చేత్తో చెవి ముందుకు వంచుకుని అసిరమ్మకు దగ్గరగా జరిగింది.

"ఇనబడలేదే," అంది. "మళ్ళీ సెప్పు."